నలభై రెండో వరుస

కొత్తగూడ చౌరస్తా ఇంకా పావు కిలోమీటరు ఉందనగా షేర్ ఆటో ఆగిపోయింది. బండి చెడిపోయి కాదు. ముందు రోడ్డు మీద అన్నం ఉడుకుతోంది.

మూడేసి రాళ్లు పెట్టి ఆరు పొయ్యిలు వరుసగా రాజేశారు. ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద పప్పుచారు, మిగతావాటి మీద ఏమున్నాయో పొగలో తెలియడం లేదు. తెలంగాణ రాష్ట్రం కోసం మొదలైన సకల జనుల సమ్మె నాలుగో వారంలో పడింది. బస్సులు డిపోలు దాటడం లేదు, బడుల తాళాలు తీయడం లేదు, సర్కారు ఆఫీసుల్లో ఫైళ్ల మీద దుమ్ము పేరుకుంటోంది. ఆ రోజు కొత్తగూడలో వంటా వార్పు. నడిరోడ్డు మీదే వండి, నడిరోడ్డు మీదే తిని, తిన్నంతసేపూ రోడ్డును కదలనివ్వకపోవడం. లోకంలో దారి ఆపే పద్ధతులు చాలా ఉన్నాయి. చెట్టు నరికి అడ్డం వేసేవాళ్లున్నారు, టైర్లు తగలబెట్టేవాళ్లున్నారు, బండరాళ్లు దొర్లించేవాళ్లున్నారు. ఆపినవాడిని కూర్చోబెట్టి విస్తరి వేసే పద్ధతి మాత్రం ఈ నేల మీదే పుట్టి ఉండాలి. ఆకలి మీదున్న బాటసారి దానిని తప్పుపట్టలేడు.

"దిగుర్రి, దిగుర్రి. ఇగ బండి పోదు" అన్నాడు ఆటో నడిపే సాయిలు. "తిని నడుస్తరో, తినకుండ నడుస్తరో మీ ఇష్టం. నేనైతే తింట."

రాజరాజేశ్వరి దిగింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, నల్లగండ్ల దగ్గర ఒక బస్తీలోని సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద ఏఎన్ఎం. తొమ్మిదేళ్లుగా పసిపిల్లలకు టీకాలు వేస్తోంది. ఆ తొమ్మిదేళ్లలో జీతం మూడుసార్లు పెరిగింది, ఉద్యోగం ఒక్కసారి కూడా ఖాయం కాలేదు. ఈసారి అవుతుందనుకుంది. జిల్లా జాబితాలో పేరు వచ్చింది. సమ్మె ముగిసిన మర్నాడే అసలు కాగితాలతో రావాలని ఆఫీసు తలుపు మీద నోటీసు అంటించి, అంటించినవాళ్లు కూడా సమ్మెలోకి వెళ్లిపోయారు. ఆ కాగితాల్లో ఒకటి తేడాగా ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కవరును గుండెకు ఆనించుకుని, అది తయారైన చోటే సరిచేయించుకుందామని పొద్దుటి నుంచి మాదాపూర్ చేరాలని చూస్తోంది.

ఆటోలో ఆమె పక్కన కూర్చున్నాయన కూడా దిగాడు. అరవైకి దగ్గర పడిన వయసు, ఎండకు గొడుగు, రెండు గిన్నెల స్టీలు క్యారియర్. మెడలోని ఐడీ కార్డును తాడుతో సహా చుట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఐటీ కంపెనీల కార్డు మెడలో కనిపిస్తే సమ్మె రోజుల్లో "ఇయ్యాల కూడా పని చేస్తున్నవా" అని నలుగురూ అడుగుతారు. అది తప్పించుకుందామని ఆయన ఆలోచన. కానీ నోరు విప్పగానే ఆలోచన చెడింది.

"బాబూ, దారి వదలడానికి ఎంతసేపు పట్టొచ్చండి?"

గరిటె పట్టుకున్నాయన చటుక్కున తలెత్తాడు. ఆయన యాదయ్య, సమ్మెలో ఉన్న తెలుగు పంతులు. "ఆ 'అండి' ఏడికెల్లి వస్తున్నది సార్? ఏ ఊరు మనది?"

"తునండి."

"తునా!" యాదయ్య మొహం వెలిగింది. "అరె, తుని తగవు సార్ వచ్చిండు! గా తీర్పేదో మీరే చెప్పున్రి సార్, రాష్ట్రం సగం సగం చేసి పుణ్యం కట్టుకోన్రి."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. తునివాడు నవ్వాలో మానాలో తెలియక, క్యారియర్ మూత విప్పి ముందుకు జరిపాడు. "బీరకాయ పొట్టు పచ్చడండి. మా ఆవిడ చేసింది. చందానగర్‌లో కర్రీ పాయింటు నడుపుతుంది."

యాదయ్య వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. "రాష్ట్రం ఇస్తే ఇయ్యున్రి, ఇయ్యకపోతే కొట్లాడి తీసుకుంటం. ఈ పచ్చడి మాత్రం ఉమ్మడిగనే ఉండాలె సార్. కూసోన్రి. నువ్వు గూడ కూసో చెల్లె, ఎందుకట్ల పరేషాన్ అయితున్నవ్?"

రాజరాజేశ్వరి కూర్చుంది గాని విస్తరి ముందు కూడా కవరును వదల్లేదు. యాదయ్య పప్పుచారు పోస్తూ అడిగాడు, "ఏం కాగితం చెల్లె అది? బాండు పేపరా?"

"బడి రిజిస్టరు కాపీ సార్." అందరూ పంతులుసారనడం విన్నాక దాచడం ఎందుకని తీసి చూపించింది. "నేను నాలుగు నుంచి ఏడు దాక ఇక్కడనే చదివిన, మాదాపూర్ గుట్ట కింది బడిల. ఎనిమిది, తొమ్మిది, పది మా పాలమూర్ల. నాలుగేండ్లు ఈ జిల్లాల చదివినట్టు కాగితం చూపెడితెనే ఈ జిల్లా లోకల్ అయిత. లేకపోతే పాలమూరు లెక్కల పోత. పోస్టు పోతది. రిజిస్టర్లన్ని కంప్యూటర్ల ఎక్కిచ్చినమని ఈ కాపీ ఇచ్చిన్రు. చూడున్రి."

యాదయ్య చూశాడు. చేతిరాత రిజిస్టరు పేజీకి తీసిన నకలు అది, పాలలా తెల్లటి కాగితం మీద కాటుకలా నల్లటి అక్షరాలు. ముప్పై ఒకటి నుంచి యాభై దాకా వరుసలు. నలభై ఒకటిలో ఒక పిల్లవాడి పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ. నలభై మూడులో ఇంకొకరు. మధ్యలో నలభై రెండు అని అచ్చు అంకె ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

"నా నంబరు నలభై రెండు" అంది ఆమె. "పెద్దసారు నా పలక వెనక సున్నంతోని రాసిచ్చిండు. నాకెట్ల యాది ఉండదు?"

"టి.సి. తెచ్చినవా అప్పుడు?"

"ఏడి టి.సి. సార్? మా నాయన రాళ్లు కొట్టెటోడు. ఈ సైబర్ టవర్లు గివేవి లేవు అప్పుడు, అంతా గుట్టలే. ఒక గుట్ట అయిపోతే ఇంకో గుట్ట. ముందు ఏ బడికి పోయిననో మా అమ్మకే తెల్వది."

"గదే సంగతి" అని యాదయ్య గరిటె కింద పెట్టాడు. "టి.సి. లేని పిల్లగాండ్లను మేము పెన్సిల్‌తోని ఎక్కిస్తం. టి.సి. వచ్చినంక దాని మీదనే సిరాతోని దిద్దుతం. కొందరిది జిందగీల రాదు. గట్లనే పెన్సిల్ ఉండిపోతది. నువ్వు పెన్సిల్‌ల ఉన్నవ్ చెల్లె. మరి గిదాంట్ల పెన్సిల్ ఏది?"

తునాయన అన్నం కలుపుతున్న చేయి ఆగింది. ఎడమ చేత్తో కళ్లద్దాలు తీసి పెట్టుకుని, "ఒకసారి ఇలా ఇస్తారా అమ్మా" అన్నాడు. ఆయన పేర్లు చదవలేదు. కాగితం కింద కుడి మూలకు చూశాడు. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో ఉంది. ఆమె దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. తర్వాత పేజీ అంతా పైనుంచి కిందికి వేలితో దువ్వినట్టు చూశాడు. "ముప్పై ఎనిమిదీ ఖాళీయే. నలభై అయిదూ" అని గొణిగాడు. కాగితం తిరిగి ఇచ్చేశాడు. విస్తరిలో అన్నం సగం మిగిలింది.

"ఈ పని చేసిన హాలు నాకు తెలుసండి. నేను పోయేది అక్కడికే. పదండి, నడుద్దాం."

ఇద్దరూ నడిచారు. నడిచేవాళ్లిద్దరిలో ఒకరు మాట్లాడితే దారి తరుగుతుందంటారు. మొదటి రెండు ఫర్లాంగులు ఆయన గొడుగు కొన చూసుకుంటూ నడిచాడు. ఆమే అడగాల్సి వచ్చింది. పేరు భీమేశ్వరరావు అని, హైదరాబాదు వచ్చి ముప్పై ఏడేళ్లయిందని, ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో చీకటి గదిలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాడని, ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబుగా బయటికొచ్చింది.

ఆయన పని ఫోటోలు తీయడం కాదు, దిద్దడం. తీసినవాడి పేరు స్టూడియో బోర్డు మీద ఉండేది. దిద్దినవాడు వెనక గదిలో, ఎర్ర దీపం కింద ఉండేవాడు. పెళ్లిచూపులకు పంపే పిల్ల ఫోటోలో బుగ్గ మీద మశూచి మచ్చ ఉందనుకోండి, నెగటివ్ మీద ఆ చుక్క దగ్గర సన్నగా చెక్కిన పెన్సిల్ ముక్కతో తాకీ తాకనట్టు రుద్దాలి. ఎక్కువ రుద్దితే తెల్ల బొల్లి మచ్చలా తేలుతుంది, తక్కువైతే మచ్చ పోదు. ఆ మధ్యన ఎక్కడో ఒక బూడిద రంగు ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఆయనకు నాలుగేళ్లు పట్టింది.

"అయితే మీరు పెన్సిల్‌తోని ఎందరి పెండ్లిళ్లు చేసిన్రు సార్!" అని రాజరాజేశ్వరి నవ్వింది.

"ఎన్ని చేశానో తెలీదండి. ఎన్ని చెడగొట్టానో కూడా తెలీదు. ఎదురెదురుగా చూసుకున్నాక తిట్టుకునే ఉంటారు నన్ను."

కంప్యూటర్ కెమెరాలు వచ్చాక ఆ స్టూడియో మూతపడింది. యజమాని బట్టల కొట్టు పెట్టుకున్నాడు, భీమేశ్వరరావు భార్య జయలక్ష్మి కర్రీ పాయింటు పెట్టింది. ఆయన కొన్నాళ్లు అక్కడే పొట్లాలు కట్టాడు. కూర ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ కడుతున్నాడని ఆవిడే తరిమేసింది. చివరికి మాదాపూర్‌లో, పాత రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించే హాల్లో కుదిరాడు. అక్కడ అందరూ ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. ఆయన్ని 'అంకుల్' అంటారు. పొద్దున ఉద్యమం సంగతి మాట్లాడుకుంటూ ఆయన రాగానే గొంతు తగ్గిస్తారు. ఒకసారి ఎవరో అడిగేశారు, అంకుల్, మీరు ఎటువైపు అని. ఆబిడ్స్ వైపు అన్నాడట. నవ్వేశారు. ఆయన నవ్వించడానికి అనలేదు.

సైబర్ టవర్స్ ఎదుటికి వచ్చాక ఆమె ఆగి, ఎడమ పక్కనున్న అద్దాల భవనం చూపించింది. "గిక్కడ మా గుడిసె ఉండె సార్. కాకపోతే అప్పుడు ఇంకా ముగ్గురు మనుషులెత్తు పైకి ఉంటుండె. గుట్ట మీద. గిప్పుడు ఆ జాగ గాలిల ఉన్నది."

రాళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. ఈ ఊరి బండలు నల్లనివీ కావు తెల్లనివీ కావు. దగ్గరగా చూస్తే ఉప్పూ మిరియం కలిపినట్టు రెండు రకాల పలుకులూ కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే ఒకటే బూడిద. కన్ను దూరం నుంచి కలుపుతుంది. కాగితాలకు నకలు తీసే యంత్రానికి ఆ సుఖం లేదు. దానికి ఏది ఎటు అన్నది చెప్పాలి.

ఆ హాలు అయిదో అంతస్తులో ఉంది. లిఫ్టు దగ్గర, గోడ పొడవునా, గోనెసంచుల్లో కట్టలు పేర్చి ఉన్నాయి. వెన్ను కోసేసిన పాత రిజిస్టర్లు. స్కాను చేయడానికి కుట్లు కోసి విడిపేజీలు చేస్తారు. పై ఆఫీసు ఆ కాపీలను ఆమోదించాక అసలు కాగితాలు గుజ్జు మిల్లుకు పోతాయి. ఈ కట్టలు మూడు వారాల కిందటే పోవాల్సింది. లారీలు తిరగక ఆగాయి. దారి తెరిస్తే ఈ సాయంత్రం లారీ వస్తుందని కాపలా మనిషి చెప్పాడు.

రాజరాజేశ్వరికి అప్పుడు గాని తెలియలేదు, తాను ఎంత సన్నటి దారం మీద నడిచి వచ్చిందో. తన ఆటోను ఆపిన సమ్మే ఆ లారీనీ ఆపింది.

హాలు బాధ్యుడు మధుసూదన్, కడప మనిషి, ముప్పై దాటలేదు. ఆమె కాగితం చూసి, కంప్యూటర్లో ఏదో కొట్టి, తల ఊపాడు. "మేడం, ఈ బ్యాచ్ అప్రూవ్ అయిపోయింది. లాక్ అయింది. ఇంక నేనేం చేసేది? ఆఫీసులో అప్లికేషన్ పెట్టుకోండి."

"ఆఫీసు సమ్మెల ఉన్నది కద సార్."

"అదీ నిజమే." కాగితం మూల చూసి కళ్లు చిట్లించాడు. "ఆపరేటర్ ఏడు. ఏడెవరప్పా..." అని తలెత్తి, ఆమె వెనక నిలబడ్డ మనిషిని చూసి ఆగిపోయాడు. "అంకుల్, ఇది మీదే గదా!"

రాజరాజేశ్వరి వెనక్కి తిరిగింది. భీమేశ్వరరావు గొడుగు మీద బరువు మోపి నిలబడి ఉన్నాడు.

"నువ్వేనా సార్?" కోపంలో 'మీరు' జారిపోయింది. "నన్ను తుడిచేసింది నువ్వేనా? రోడ్డు మీద అన్నం తినేటప్పుడే ఎర్కనా నీకు?"

"మూలనున్న నంబరు చూశాక తెలిసిందండి."

"మరి చెప్పవేంది? మూడు కిలోమీటర్లు నడిపిచ్చినవ్ గద, నీ పెండ్లి ఫోటోల కథలు చెప్పుకుంట!"

"నడుస్తూ చెబుదామనే అనుకున్నానండి" అన్నాడు ఆయన. "ఎలా మొదలెట్టాలో తేలేలోగా సైబర్ టవర్స్ వచ్చేసింది."

ఆమెకు ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చి, నవ్వు రావలసిన చోట ఏడుపు వచ్చి, కుర్చీలో కూలబడింది.

తప్పు ఎలా జరిగిందో ఆయన తన సీట్లో కూర్చుని చూపించాడు. గోనెసంచిలోంచి ఆ పేజీని వెతికి తెచ్చి యంత్రం కింద పరిచారు. తెర మీదికి అది మొదట బూడిద రంగులో వచ్చింది. పేజీ అంతా లేత గోధుమ రంగు, కింద ఎప్పటిదో వానచెమ్మ మరక, నల్ల సిరా వరుసలు, వాటి మధ్య, ఉందో లేదో అన్నట్టు, నలభై రెండో వరుసలో ఏదో నీడ.

"సున్నా అంటే కటిక నలుపండి. రెండువందల యాభై అయిదు అంటే తెలుపు. మధ్యలోవన్నీ బూడిదలు. ఇలాగే దాచుకుంటే ఫైలు ఎనిమిదింతల చోటు తింటుంది, అందుకని ఒప్పుకోరు. నలుపో తెలుపో తేల్చేయాలి. ఎక్కడో ఒక గీత గీస్తాం. గీతకు ఇవతలున్న ప్రతి చుక్కా నలుపు, అవతలున్నది తెలుపు. మా హాల్లో గీత నూట ఇరవై ఎనిమిది దగ్గర, సరిగ్గా సగంలో."

"తుని తగవు" అంది ఆమె, అప్రయత్నంగా.

ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపాడు. "సిరా అరవైలో ఉంటుంది, బతికిపోతుంది. పాతబడిన పెన్సిలు నూట ఎనభై దగ్గర ఉంటుంది. సగం గీతకు అది తెల్ల కాగితం కిందే లెక్క."

ఆయనకు ఇది తెలియక జరగలేదు. మొదటి నెలల్లో ప్రతి పేజీకీ గీతను జరిపి చూసుకునేవాడు. రోజుకు రెండువేల పేజీలు చేయాల్సిన చోట ఏడువందలు దాటేవి కావు. ఒక ఎర్ర చీటీ వచ్చింది. ఒకసారి గీతను మరీ జరిపితే చెమ్మ మరక నల్లగా మారి నాలుగు వరుసల్ని మింగేసింది. రెండో ఎర్ర చీటీ. మూడోది వస్తే ఇంటికి. అప్పటి నుంచి భయపడి గీతను తాకడం మానేశాడు. ఆ భయంలో చేసిన మొదటి పుస్తకాల్లో ఇది ఒకటి. బూడిద రంగు తెలిసిన మనిషి ఆ హాల్లో ఆయన ఒక్కడే. ఆయనే కళ్లు మూసుకున్నాడు.

"మళ్లీ తీయొచ్చు" అన్నాడు మధుసూదన్, మెల్లగా. "లాక్ తీయాలంటే ఫారం రాయాల. రెండే కాలమ్స్ ఉండాయి అంకుల్. మిషన్ ప్రాబ్లం అని టిక్ పెడితే మీకేం కాదు. కానీ మిషన్ చూసే కంపెనీ వాళ్లు వచ్చేదాకా ఈ బ్యాచ్ ఎవరూ తాకకూడదు. వాళ్లొచ్చేదెప్పుడో. లారీని నేను ఆపలేను. ఆపరేటర్ తప్పు అని టిక్ పెడితే ఇప్పుడే తెరుచుకుంటుంది. కానీ మీకు అది మూడోది." ఆగి, గొంతు తగ్గించి, "మీ ఇష్టం అంకుల్. నేను చూడనట్టుంటా" అన్నాడు. ఏది చూడనట్టుంటాడో ఆ మాటలో తేలలేదు. మంచివాళ్లు చాలామంది అలాగే మాట్లాడతారు.

రాజరాజేశ్వరి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. టిక్ పెట్టమని అనాలి. అనలేకపోయింది. ఆ పచ్చడి చేసినావిడ కర్రీ పాయింటులో ఎదురుచూస్తూ ఉంటుందని ఆమెకు తెలుసు. తన తొమ్మిదేళ్లూ తెలుసు. 

భీమేశ్వరరావు ఫారం తీసుకుని చదివాడు. "పేజీ నంబరు దగ్గర ఒక్క పేజీయే రాయాలా, పుస్తకం మొత్తం రాయొచ్చా నాయనా?"

"ఎన్నయినా రాయొచ్చు. చీటీ ఒక్కటే."

"చీటీ ఒక్కటే అయినప్పుడు కక్కుర్తి ఎందుకు" అని, ఒకటి నుంచి తొంభై ఆరు దాకా అని రాశాడు. రెండో గడిలో, ఆపరేటర్ తప్పు అన్నచోట, టిక్ పెట్టాడు.

తర్వాత పని మొదలైంది. పూర్వం తాటాకు మీద గంటంతో రాసేవాళ్లు. రాసినప్పుడు ఏమీ కనిపించదు, ఉత్త గీరలే. ఆకు పసరులో మసి కలిపి ఆకంతా పూసి, పైపైన తుడిచేస్తే గీరల్లో మసి నిలిచి అక్షరం తేలుతుంది. తుడిచే చేతి బరువు తెలియనివాడి చేతిలో కావ్యం కూడా మసిగుడ్డకు అంటుకు పోతుంది. ఆ రోజు ఆ కుర్చీలో జరిగింది అలాంటిదే.

గీతను ఆయన ఒక్కొక్క అంకే పైకి జరిపాడు. నూట యాభై, ఏమీ లేదు. నూట డెబ్బై, కిందినుంచి చెమ్మ మరక నల్లగా లేవడం మొదలైంది. నూట ఎనభై నాలుగు దగ్గర నలభై రెండో వరుసలో ఒక కొమ్ము, ఒక గుడి, ఒక సున్నా, ఇసకలో పురుగులు లేచినట్టు లేచాయి. అదే క్షణంలో మరక యాభై నుంచి నలభై అయిదు దాకా వరుసల్ని కప్పేసింది. రాజరాజేశ్వరి చటుక్కున తెర మీద చేయి అడ్డం పెట్టింది.

"కంగారు పడకండి. కాగితం అంతా ఒక్కలా మాసిపోదు. ఎక్కడ మాసిందో అక్కడ దాని పక్కవాటితో పోల్చుకోవాలి." పేజీని తెర మీదే అడ్డంగా పట్టీలుగా కోశాడు, ఆకుకూర కట్టలు విడదీసినట్టు. ప్రతి పట్టీకీ దాని మాపును బట్టి వేరే గీత. మరకున్న చోట గీత కిందికి, పెన్సిలున్న చోట పైకి. పక్క సీటు అమ్మాయి దివ్య తన పని ఆపి వచ్చి వెనక నిలబడింది. "అంకుల్, నాకూ చూపించున్రి." చూపించాడు. రెండో పట్టీ ఆమెతోనే చేయించాడు. "పైకి... ఇంకొంచెం... ఆఁ, చాలు. అక్షరం పలచబడక ముందే ఆగిపో."

చివరికి పట్టీలన్నీ కలిసి పేజీ అయింది. నలుపూ తెలుపే. యంత్రం అభ్యంతరం చెప్పలేదు.

నలభై రెండు. రాజరాజేశ్వరి. తండ్రి పెంటయ్య. వృత్తి, కంకర. చేరిన తరగతి నాలుగు, విడిచిన తరగతి ఏడు, రెండు తేదీలు. చివరి గడిలో 'టి.సి. రాలేదు'. దాని మీద ఒక మెలిక.

"పెన్సిల్ చెల్లదంటారేమో" అన్నాడు మధుసూదన్ అనుమానంగా.

"ఆ మెలిక చూడు నాయనా. అసలు కాగితం మీద అది ఎర్ర సిరా. పిల్ల బడి విడిచిన రోజున పెద్దమాస్టారు పెట్టిన పొట్టి సంతకం. వెలిసిపోయి నీ గీతకు అదీ అందలేదు."

రాజరాజేశ్వరి తెర దగ్గరకు వంగింది. తండ్రి పేరు కింద వేలు పెట్టింది. "మా నాయన పేరు ఎక్కడన్న రాసి ఉంటదని నాకు తెల్వనే తెల్వదు" అంది. వేలు పక్క గడికి జరిపి, "కంకర" అని చదివింది, మళ్లీ.

మధుసూదన్ కాపీ తీసి ముద్ర వేశాడు. కింద తన చేత్తో, అసలు పేజీ భద్రంగా ఉన్నదని, ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చని రాసి సంతకం పెట్టాడు. ఆ పుస్తకం కట్టను లిఫ్టు దగ్గరి వరుసలోంచి లోపలికి తెప్పించి, దివ్య బల్ల పక్కన పెట్టించాడు. ముప్పై ఎనిమిదీ, నలభై అయిదూ ఈ పేజీతోనే తేలాయి; మిగతా పేజీల్లో ఇంకా ఎవరెవరున్నారో ఇక ఆమె చూస్తుంది.

"ఇక్కడొక సంతకం మేడం, తీసుకున్నట్టు."

రాజరాజేశ్వరి వంగి సంతకం పెట్టింది. కలం మూసి, ఏదో అనబోతూ వెనక్కి తిరిగింది. తిట్టినందుకు ఏమనాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు. 'సార్' అని మొదలుపెడితే అదే వస్తుందనుకుంది.

కుర్చీ ఖాళీగా ఉంది. కీబోర్డు మీద ఐడీ కార్డు, తాడు చక్కగా చుట్టి పెట్టి ఉంది. క్యారియర్ లేదు, గొడుగు లేదు.

"అంకుల్ పోయిండా?" అంది దివ్య, తనే నమ్మలేనట్టు. "తర్వాతి పేజీ చేసుకుంట ఉండమన్నడు, ఇప్పుడే వస్తడేమో అనుకున్న."

లిఫ్టు పైనెక్కడో ఆగి ఉంది. రాజరాజేశ్వరి మెట్ల మీదుగా అయిదంతస్తులూ దిగింది. కాగితానికి మడత పడకుండా రెండు చేతులా పట్టుకుని గేటు దగ్గరకు వచ్చేసరికి, ఆయన రోడ్డు అవతల, ఎవరూ కొట్టకుండా మిగిలిపోయిన ఒక బండ పక్కన నడుస్తున్నాడు.

"సార్!" అని పిలిచింది. "ఓ తుని సార్!"

దారి తెరిచారు కాబోలు, కంపెనీ క్యాబులు ఒకదాని వెనక ఒకటి హారన్లు మోగిస్తూ వస్తున్నాయి. ఆయన విన్నాడో లేదో. క్యారియర్‌ను ఎడమ చేతికి మార్చుకుని, ఎండ చూసుకుని, గొడుగు విప్పాడు. కొత్తగూడ వైపు, పొద్దున అన్నం వండిన చోటు వైపు, పెద్ద తొందరేమీ లేని నడకతో వెళ్లాడు. మలుపు దాకా గొడుగు కనిపించింది. తర్వాత అదీ తిరిగిపోయింది.